మాఘమాసంలో చిన్నమ్మాయి పెళ్లి: చెత్త తగ్గించి చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కడియం తోటమాలి | నవంబరు 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాఘమాసంలో మా చిన్నమ్మాయి పెళ్లి. ముహూర్తం పెట్టుకున్నాం, కల్యాణ మండపం మాట్లాడాం. మిగతా పనులు ఇంకా మొదలుపెట్టలేదు. రమారమి 700 మంది వస్తారు.

పెద్దమ్మాయి పెళ్లి రెండేళ్ల కిందట చేశాను. మర్నాడు ఉదయం మా ఇంటి గుండిగ ఒకటి కనబడకపోతే మండపం వెనక్కి వెతుక్కుంటూ వెళ్లాను. గోడ పక్కన నడుమెత్తు కుప్ప ఉంది. సగానికి సగం నీళ్ల సీసాలే. చాలావాటిలో రెండు గుక్కలు తాగి వదిలేసిన నీళ్లు అలాగే ఉన్నాయి. తలంబ్రాల్లో కలిపిన రంగురంగుల థర్మోకోల్ పూసలు తడి మట్టికి అంటుకుపోయాయి. ఏరుదామని కూర్చుంటే వేళ్లకు పట్టుకుంటున్నాయే తప్ప సంచిలో పడడం లేదు. అవతల ఒక ఆవు నెయ్యి అంటిన ప్లాస్టిక్ సంచి నములుతోంది. పట్టుకుని లాగితే సగమే బయటికి వచ్చింది. మిగతా సగం దాని కడుపులోకి వెళ్లిపోయింది.

నేను నర్సరీ పెట్టుకుని మొక్కల మీద బతికేవాడిని. ఆ సగం సంచి ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతుంది. ఈసారి అలా జరగకూడదు. అలాగని వచ్చినవాళ్లకు లోటు చేయలేను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇలా చేసి చూసినవారు చెప్పండి.

గౌతమి గట్టు | నవంబరు 9, రాత్రి 10:15

ముందుగా శుభాకాంక్షలండీ. మొదట వియ్యాలవారితో మాట్లాడండి. మా తమ్ముడి పెళ్లిలో ఆడపెళ్లివారు ఆకుల్లో వడ్డిస్తే మా వైపు పెద్దలు కొందరు ఖర్చుకు వెనకాడారని అన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్న మాట మీ అమ్మాయి మీదకు రాకుండా చూసుకోవాలి. సదుద్దేశం ఉన్నా ముందుగా చెప్పకపోతే అది పిసినారితనంగానే కనిపిస్తుంది.

పాకశాల | నవంబరు 10, ఉదయం 6:20

తోటమాలి గారూ, నేను బెజవాడలో 22 ఏళ్లుగా పెళ్లిళ్లకు వంటలు చేయిస్తున్నాను. మీ ప్రశ్నకు నా సమాధానం ఒకటే. కేటరర్‌తో బేరం కుదుర్చుకునే రోజున మొదలుపెట్టండి. ఆ కుప్పలో ఏముంటుందో ఆ రోజే తేలిపోతుంది.

బయటివారికి అంతగా తెలియని సంగతి ఒకటి చెబుతాను. మా వృత్తిలో లెక్క ప్లేటుకు ఇంత అని. భోజనాలయ్యాక ఎన్ని కట్టల ప్లేట్లు ఖర్చయ్యాయో చూసి బిల్లు వేస్తాం. అంటే వాడి పారేసే పళ్లెమే మాకు లెక్క చీటీ. స్టీలు పళ్లెం కడిగి మళ్లీ పంక్తిలోకి వస్తుంది కాబట్టి ఎంతమంది తిన్నారో తేలదు. అందుకే స్టీలు అనగానే శుభ్రంగా ఉండవనీ, కడిగే మనుషులు దొరకరనీ మావాళ్లు నసుగుతారు. అసలు చిక్కు లెక్క దగ్గర ఉంది. అది తీరిస్తే మిగతావి సర్దుకుంటాయి.

దానికి రెండు దారులు. ఒకటి, అరటి ఆకు. ఎన్ని ఆకులు తెచ్చామో, ఎన్ని మిగిలాయో చూస్తే లెక్క దొరుకుతుంది. రెండోది, కుర్చీల లెక్క. పంక్తికి 150 కుర్చీలు వేశారనుకోండి, ప్రతి పంక్తికీ మీ మనిషి ఒకరు, మా మనిషి ఒకరు నిలబడి ఖాళీ కుర్చీలు తీసేసి రాసుకుంటారు. నేను ఈ పద్ధతిలో చాలా పెళ్లిళ్లు చేశాను, ఎప్పుడూ గొడవ రాలేదు.

బఫే వద్దనే చెబుతాను. వరుసలో మళ్లీ నిలబడాలన్న బెంగతో అన్నీ ఒకేసారి పెట్టుకుంటారు. తినలేనిది పళ్లెంతో సహా డబ్బాలో పడుతుంది. పంక్తిలో అయితే అడిగి వడ్డిస్తాం. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అంటారు కదా, ఆ వడ్డించేవాడికి ముందు రోజే చెప్పాలి. చిన్న గరిటె వాడాలి, మొదట తక్కువ వేయాలి, రెండోసారి తప్పకుండా రావాలి. ఈ మూడోది జరగకపోతే మొదటి రెండూ మర్యాద తక్కువగా కనిపిస్తాయి.

అన్నం ఒక్కసారే వార్చకండి. రెండో పంక్తి లేచేటప్పుడు బయట ఎంతమంది ఉన్నారో చూసి తరువాతి ఎసరు పెట్టించండి. కూరలు ఒకసారి తరిగాక వెనక్కి పోవు గాని బియ్యం బస్తాలో ఉంటే ఎక్కడికీ పోదు. తీపి రెండు రకాలు చాలు. ఆకులో ఎక్కువగా వదిలేసేది మూడో తీపినే.

కడియం తోటమాలి | నవంబరు 10, ఉదయం 7:05

పాకశాల గారూ, చాలా సంతోషం. పెద్దమ్మాయి పెళ్లిలో నాలుగు తీపులు పెట్టించాను. ఇంతకీ నీళ్ల మాట ఏమిటి? నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ సీసాలే.

సిద్దిపేట స్టీలు | నవంబరు 10, మధ్యాహ్నం 1:30

నమస్కారమండీ. మాది సిద్దిపేట. మా జిల్లాలో ఊళ్లలో స్టీలు బ్యాంకులు పెట్టారు. పళ్లాలు, గ్లాసులు, గరిటెలు, బకెట్లు మహిళా సంఘాల చేతిలో ఉంటాయి. ఊళ్లో పెళ్లయినా, దశదిన కర్మ అయినా అద్దెకు తీసుకువెళ్లి, అయ్యాక లెక్క చూసి తిరిగి ఇస్తారు. నేను మా సంఘం తరఫున ఆ లెక్క చూస్తాను.

మీకు 700 మందికి 700 గ్లాసులు అక్కర్లేదు. పంక్తికి 150 మంది అన్నారు కాబట్టి 300 గ్లాసులు సరిపోతాయి. ఒక సగం బల్లల మీద ఉంటే ఇంకో సగం కడుగుడు దగ్గర ఉంటుంది. పగిలేవి కావు గాని పోయేవి ఉంటాయి, అందుకని 30 ఎక్కువ తీసుకోండి. మూడు తొట్లు పెట్టించండి. మొదటిది సబ్బు నీళ్లు, రెండోది మంచి నీళ్లు, మూడోది వేడి నీళ్లు. కడిగినవి గుడ్డతో తుడవకుండా జల్లి బుట్టలో బోర్లించి ఆరబెట్టాలి. ఆ తొట్లు జనం కంటపడే చోటనే పెట్టండి. శుభ్రం గురించి ఎవరికీ అనుమానం మిగలదు.

గ్లాసులు బల్ల మీద ముందే నింపి పెట్టించకండి. కూజాలతో తిరుగుతూ అడిగినవారికి పోసే మనుషులు ఇద్దరు ముగ్గురు ఉంటే చాలు. నింపి పెడితే సీసాల పని మానేసి గ్లాసుల్లో పారబోసినట్టే అవుతుంది.

మీ వైపు స్టీలు బ్యాంకు లేకపోతే షామియానా, వంట సామాను అద్దెకిచ్చేవారిని అడగండి. అటక మీద స్టీలు సామాను ఉంటుంది. అడిగేవారు లేక దించడం మానేశారు.

బెంగళూరు కోడలు | నవంబరు 10, మధ్యాహ్నం 3:10

ఇక్కడ బెంగళూరులో అదమ్య చేతన సంస్థ పళ్లాల బ్యాంకు నడుపుతోంది. శుభకార్యాలకు స్టీలు పళ్లాలు, గ్లాసులు, చెంచాలు ఇస్తారు. మా బాబు ఉపనయనానికి అలాంటి పళ్లాలే వాడాం. వచ్చినవారు అడిగి మరీ వివరాలు తీసుకున్నారు.

అనంత మెట్ట | నవంబరు 10, సాయంత్రం 6:45

ఒక మాట చెప్పాలి. మాది అనంతపురం జిల్లా. వేసవి ముహూర్తానికి ట్యాంకరుతో నీళ్లు కొనుక్కునే ఊళ్లు మావి. అన్నం పళ్లాలు, కప్పులు, గ్లాసులు అన్నీ స్టీలంటే కడగడానికే ఇంకో ట్యాంకరు కావాలి. అందుకే మేము భోజనానికి విస్తరాకు, నీళ్లకు మాత్రం స్టీలు గ్లాసు పెట్టుకున్నాం. గోదావరి పక్కన ఉన్నవారికి ఒకటి కుదిరితే మాకు ఇంకొకటి కుదురుతుంది.

అడ్డతీగ | నవంబరు 11, ఉదయం 8:00

విస్తరాకు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. పాడేరు ఏజెన్సీలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. విస్తర్లు కుట్టే అడ్డాకు అంటే చెట్టు ఆకు కాదు, అడవిలో పెద్ద చెట్లను అల్లుకుని పైకి పాకే తీగ ఆకు. ఆడవాళ్లు ఉదయాన్నే వెళ్లి కోసుకొస్తారు, నీడన పరిచి, సన్నని పుల్లలతో కుడతారు. మా బడి పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఈ పని ఉంది. ఒక తల్లి మాట్లాడుతూనే, చూపు ఆకు మీద లేకుండానే విస్తరి కుట్టేయడం నేను రోజూ చూస్తాను. సంతలో అమ్మితే కట్టకు వచ్చేది స్వల్పమే. మధ్యవర్తి లేకుండా నేరుగా సంఘాల దగ్గర కొంటే ఆ డబ్బు వాళ్లకే చేరుతుంది.

ఒక జాగ్రత్త. పట్టణాల్లో ఆకు పళ్లెం పేరుతో అమ్మేవాటిలో కొన్నింటికి అడుగున పలుచని ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. కొనేముందు ఒకటి చించి చూడండి. ఆకు చిరిగాక కూడా సాగే పొర ఏదైనా మిగిలితే అది వద్దు. కాగితం టీ కప్పులకూ ఇదే సంగతి. లోపల నునుపుగా ఉండేది ప్లాస్టిక్ పూతే, లేకపోతే కాగితం టీకి తట్టుకోదు.

కడియం తోటమాలి | నవంబరు 11, రాత్రి 8:20

ఆకు చించి చూడమన్న మాట చాలా ఉపయోగపడింది. ఈ రోజే రాజమహేంద్రవరంలో మూడు దుకాణాల్లో అడిగి చించి చూశాను. ఒకదానిలో పొర వచ్చింది. మాకు అరటి ఆకు దగ్గరలోనే దొరుకుతుంది కాబట్టి భోజనానికి అదే ఖాయం చేశాను. ఉదయం టిఫిన్లకు అడ్డాకు దొన్నెలు, విస్తర్లు తెప్పిస్తాను. అడ్డతీగ గారూ, సంఘాల వివరాలు నాకు విడిగా పంపగలరా?

వియ్యంకుడి గారితో కూడా మాట్లాడాను. ఆవు సంగతి మొదటి నుంచి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తరువాత "కానివ్వండి బావగారూ, మా వైపు వాళ్లకు నేను చెబుతాను" అన్నారు. గౌతమి గట్టు గారూ, మీ సలహా వల్లే అది ముందుగా జరిగింది.

పశువుల డాక్టరు | నవంబరు 12, ఉదయం 9:30

ఆవు మాట చదివి ఉండబట్టలేకపోయాను. పశువు పెద్దపొట్టలో చేరిన పాలిథిన్ అరగదు, బయటికీ పోదు. ఏళ్ల తరబడి పోగవుతుంది. పొట్ట కోసి తీయాల్సి వచ్చినప్పుడు తాళ్లు, సంచులు, సెలోఫేన్ అన్నీ ఒకే ముద్దగా పెనవేసుకుని వస్తాయి. నా చేతులతో తీసిన ముద్దలు తడిసిన దిండంత బరువు ఉన్నాయి.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. మిగిలిన అన్నం ఆవులకు పెడితే పుణ్యమనుకుని గంపల కొద్దీ పోస్తారు. ఉడికిన అన్నం ఒక్కసారిగా ఎక్కువ తింటే పెద్దపొట్టలో ఆమ్లం పెరిగి పశువు పడిపోతుంది, చనిపోవచ్చు కూడా. పెళ్లిళ్ల కాలంలో ఇలాంటి కేసులు మాకు మామూలే. కూరగాయల తొక్కలు, అరటి ఆకు మోపుగా వేస్తే మంచిదే, అదీ పంటి పుల్లలు, ప్లాస్టిక్ చెంచాలు లేకుండా చూసి. అన్నం మాత్రం కుప్పగా పోయకండి.

విశ్రాంత శానిటరీ | నవంబరు 12, మధ్యాహ్నం 12:15

మున్సిపాలిటీలో పారిశుద్ధ్య విభాగంలో చేసి విరమించాను. చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలు, శుభలేఖల మీద, మిఠాయి పెట్టెల మీద చుట్టే పలుచని ప్లాస్టిక్ కాగితం నిషేధం. మీ కుప్పలోని థర్మోకోల్ పూసలు కూడా ఆ కోవలోనివే. 100 మందికి మించి జనం చేరే కార్యం లైసెన్సు లేని చోట చేస్తే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని, చెత్త అక్కడే వేరు చేసి అప్పగించాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే పెట్టారు. పొలంలోనో ఇంటి ముందో పందిరి వేసి చేసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

నా అనుభవంలో డబ్బాలు పెట్టినంత మాత్రాన చెత్త వేరుపడదు. డబ్బా పక్కన మనిషి ఉండాలి. ఆకులు ఎత్తేవాళ్లకు అదనంగా కూలి ఇచ్చి, ఆకులోది ఒక బకెట్‌లోకి, ఆకు ఇంకో గంపలోకి వేయమని ముందే చెప్పండి. ఒకసారి కలిసిపోయిన చెత్తను మా కార్మికులు చేతులతో కెలికి విడదీయాలి. వాళ్లు కూడా ఆ పెళ్లికి పని చేసినవాళ్లేనని గుర్తుపెట్టుకోండి.

ముత్యాల ముగ్గు | నవంబరు 13, ఉదయం 10:50

తలంబ్రాలకు పసుపు, నెయ్యి కలిపిన బియ్యం కన్నా అందం ఏముంటుంది! భద్రాచలంలో సీతారాములకు ముత్యాల తలంబ్రాలు పోస్తారు, ప్లాస్టిక్ పూసలు కాదు కదా.

అలంకరణ చేసేవారితో పూలు గుచ్చే ఆకుపచ్చ స్పంజి వాడవద్దని చెప్పండి. చూడడానికి మెత్తని నాచులా ఉంటుంది గాని అది ప్లాస్టిక్కే, పొడి పొడిగా రాలి మట్టిలో కలిసిపోతుంది. దాని బదులు అరటి బోదె ముక్కలు కోసి పెట్టండి. పూల కాడలు అందులో గుచ్చితే తడికి సాయంత్రం వరకు వాడవు. మా అమ్మమ్మ పూజ మండపానికి ఇలాగే చేసేది, నేను చేస్తున్నాను.

తాంబూలం సంచుల గురించి కూడా. గుడ్డలా కనిపించే ఆ మెత్తని రంగు సంచులు గుడ్డవి కావు, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. అంచు కాల్చి చూస్తే కరిగి ముద్ద అవుతుంది. రవికెల గుడ్డ ఎలాగూ పెడతారు కదా, కొబ్బరికాయ, అరటిపళ్లు, వక్క, ఆకు అందులోనే మూటగట్టి ఇవ్వండి. వేరే సంచి అవసరమే లేదు.

కడియం తోటమాలి | నవంబరు 13, రాత్రి 9:00

రవికెల గుడ్డ మూట మా ఇంటావిడకు వెంటనే నచ్చింది. నేను అందరికీ ఒక మొక్క ఇవ్వాలనుకున్నాను. మల్లె, కరివేపాకు, తులసి తోటలో సిద్ధంగా ఉన్నాయి.

అనంత మెట్ట | నవంబరు 13, రాత్రి 9:35

మీ మొక్కలు నల్ల పాలిథిన్ సంచుల్లోనే కదా ఉండేది? 700 మొక్కలంటే 700 సంచులు. పైగా మేడల్లో ఉండేవాళ్లు, రాత్రి బస్సు ఎక్కేవాళ్లు వాటిని మండపం గేటు దగ్గరే వదిలేసి వెళ్లడం చూశాను. తప్పుగా అనుకోకండి.

కడియం తోటమాలి | నవంబరు 14, ఉదయం 6:10

తప్పు ఏమీ లేదండీ, నిజమే చెప్పారు. రోజూ చేతిలో పట్టుకునే సంచి నా కంటికి ఆనలేదు. కొబ్బరి పీచు కుండీల్లోకి 100 మొక్కలు మారుస్తాను. గేటు దగ్గర పెట్టి అడిగినవారికే ఇస్తాను.

పాకశాల | నవంబరు 14, ఉదయం 6:30

మిగిలిన వంట గురించి ఒక మాట. ఎవరో వచ్చి తీసుకెళతారని చివరి నిమిషంలో ఫోను చేయకండి. రాబిన్ హుడ్ ఆర్మీ 2014లో ఢిల్లీలో మొదలై ఇప్పుడు చాలా ఊళ్లలో ఉంది, డబ్బు తీసుకోకుండా ఆహారం మాత్రమే పంచుతారు. మీ ఊళ్లో అలాంటి బృందం గాని, వృద్ధాశ్రమం గాని చూసుకుని నాలుగు రోజుల ముందే మాట్లాడండి. మిగులు ఆహారం సేకరణ, పంపిణీ మీద 2019లోనే కేంద్రం నిబంధనలు కూడా తెచ్చింది.

ఇచ్చేది వడ్డనకు బయటికి రాని గిన్నెలోదే కావాలి. ఆవిర్లు కక్కే వేడి మీద మూత పెట్టి పంపాలి. పులిహోర, బూరెలు నిలుస్తాయి. పెరుగువడ, కొబ్బరి పచ్చడి, పప్పు మధ్యాహ్నం దాటితే నేనైతే ఎవరికీ పంపను. మనం తినడానికి జంకేది ఇంకొకరికి పెట్టడం దానం కాదు.

గౌతమి గట్టు | ఫిబ్రవరి 20, ఉదయం 11:00

తోటమాలి గారూ, పెళ్లి బాగా జరిగిందా? అందరం ఎదురుచూస్తున్నాం.

కడియం తోటమాలి | ఫిబ్రవరి 24, రాత్రి 8:45

ఆలస్యానికి మన్నించండి. అమ్మాయిని దిగబెట్టి నిన్ననే వచ్చాం.

కుదిరినవి ముందు చెబుతాను. నాలుగు పంక్తులు నడిచాయి. కుర్చీల లెక్కలో మా బావమరిది, కేటరర్ మనిషి రాసుకున్న అంకెలకు తేడా మూడే. అన్నం ఆఖరి ఎసరు సగమే పెట్టించాం. తీపి పూర్ణం బూరెలు, పూతరేకులు, అంతే. ఎవరూ తక్కువైందని అనలేదు. కూజాలతో మా తోటలో పనిచేసే కుర్రాళ్లు తిరిగారు. ఒక పెద్దాయన నన్ను పిలిచి, అడిగి అడిగి నీళ్లు పోయించుకుని చాలా ఏళ్లయిందన్నారు. గ్లాసులు 11 పోయాయి, అద్దెవారికి డబ్బు కట్టాను. మిగిలిన పులిహోర, బూరెలు రెండు గంటలకల్లా ఆశ్రమానికి చేరాయి.

కుదరనివి. అలంకరణవాళ్లు బోదె ముక్కలకు ఒప్పుకున్నారు గాని గుమ్మానికి ప్లాస్టిక్ మామిడి తోరణం కట్టేశారు. అది ముహూర్తానికి గంట ముందు చూశాను. నా కొడుకు చెట్టెక్కి కొమ్మలు విరిచి తెచ్చి మార్చాడు. ఊరేగింపులో పెళ్లికొడుకు స్నేహితులు మెరుపు కాగితాల గొట్టాలు పేల్చారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, ఆ తప్పు నాదే. రోడ్డు మీద ఏరగలిగినంత ఏరాం. తిరుగు ప్రయాణంలో బస్సులోకి నీళ్లు అడిగితే మా దగ్గర ఏమీ లేదు. చివరికి రెండు పెట్టెల సీసాలు కొన్నాను. బస్సులోకి ఒక కుళాయి డబ్బా ఎక్కించాలని అప్పటిదాకా తట్టలేదు.

మర్నాడు మండపం వెనక్కి వెళ్లాను. ఒక గోనె సంచిలో పాల ప్యాకెట్లు, నూనె డబ్బాలు, పిండి సంచులు ఉన్నాయి. పక్కన ఆకుల గంపలు. మొత్తం నా ట్రాలీ ఆటోలో ఒక్క విడతలో తోటకు వచ్చేసింది.

సిద్దిపేట స్టీలు | ఫిబ్రవరి 24, రాత్రి 9:20

చాలా సంతోషం అన్నా. 11 గ్లాసులంటే తక్కువే, మా దగ్గర ఒక పెళ్లిలో 40 పోయాయి. ఆకులు ఏం చేశారు?

కడియం తోటమాలి | ఫిబ్రవరి 25, ఉదయం 6:00

రెండు గుంతలు తీశాం అమ్మా. పుల్లలు ఏరేసి, ఆకులు తరిగి, ఒక వరస ఆకు, ఒక వరస కొబ్బరి పొట్టు, పైన మట్టి వేశాం. ఎంగిలి అన్నం బకెట్లు రెండో గుంతలో పొట్టు ఎక్కువగా కలిపి పోశాం, లేకపోతే వాసనకు కుక్కలు తవ్వుతాయి. నిన్న సాయంత్రం చేయి పెట్టి చూస్తే లోపల వేడిగా ఉంది. ఆకులు ఇంకా ఆకుల్లాగే కనిపిస్తున్నాయి. ఎండలు ముదరకముందే ఒకసారి తిరగేయాలి.

మురారి ఇంటివారు | ఫిబ్రవరి 25, ఉదయం 9:10

మాది వైశాఖంలో, తెనాలి దగ్గర. 400 మంది. బస్సులకు కుళాయి డబ్బాల సంగతి రాసుకున్నాను. పాకశాల గారూ, ఆ కుర్చీల లెక్క ఒప్పందం కాగితం మీద ఎలా రాసుకుంటారో ఇక్కడ పెట్టగలరా? ఆదివారం మా కేటరర్‌తో మాట్లాడాలి.

పాకశాల | ఫిబ్రవరి 25, మధ్యాహ్నం 2:40

ఈ రాత్రికి పెడతానండి. సంతకాలు రెండు వైపులా ఉండాలి, పంక్తి లేచిన వెంటనే అంకె రాయాలి. భోజనాలన్నీ అయ్యాక గుర్తు తెచ్చుకుని రాస్తే అక్కడే పేచీ వస్తుంది.